చుక్కల్ని తట్టి చూస్తే...

ఎండాకాలం వస్తే వరంగల్ వీధుల్లో కుండల బేరాలు మొదలవుతాయి. కొనేవాళ్లు ప్రతి కుండనూ వేలి కణుపుతో తట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో పగులున్నట్టే!

నక్షత్రం లోపల ఏముందో తెలుసుకోవడానికీ ఇదే ఉపాయం. దాన్ని తట్టక్కర్లేదు, లోపల పుట్టే అలలకు అదే కంపిస్తుంది. శూన్యంలో శబ్దం ప్రయాణించదు కాబట్టి మనకు వినపడదు. కానీ ఆ కంపనాలకు తగ్గట్టు వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. దాన్ని కొలిస్తే నక్షత్రం లోపలి సాంద్రత, వయసు లెక్కకు అందుతాయి.

వెలుగు మారే నక్షత్రాలను కొలవడం మనకు కొత్తేం కాదు. హైదరాబాద్ బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీలో 15 అంగుళాల టెలిస్కోపుతో ఆ పని చేసేవారు. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు ఏర్పాటు చేసింది.

2009లో నింగికెగసిన కెప్లర్ టెలిస్కోపు ఇంకో అడుగు ముందుకేసింది. 'రెడ్ జెయింట్' అనే ముసలి నక్షత్రాలు పైకి ఒకేలా కనిపిస్తాయి. వాటిలో కొన్నిటి గర్భంలో హీలియం మండుతోందని, మిగతావాటిలో గర్భం చుట్టూ ఉన్న పొరలో హైడ్రోజన్ మాత్రమే మండుతోందని 2011లో ఆ కంపనాలే పట్టిచ్చాయి. సుమారు 500 కోట్ల ఏళ్లకు మన సూర్యుడికీ ఆ దశ తప్పదు.

చూడ్డానికి రెండు కుండలూ ఒక్కటే. పలికితేనే తేడా తెలిసేది!