తుఫాను పుట్టేచోట కొలత

2025 జనవరి 24న ఎయోవిన్ తుఫాను ఐర్లండ్‌ను తాకినప్పుడు, పడమటి తీరాన మేస్ హెడ్ వద్ద ఈదురుగాలి వేగం గంటకు 184 కిలోమీటర్లుగా నమోదయింది. 1945లో ఫోయిన్స్ వద్ద నమోదయిన 182 కిలోమీటర్ల రికార్డు ఎనభై ఏళ్ల తరువాత చెరిగిపోయింది. దేశమంతటా ఎర్ర హెచ్చరిక ముందుగానే జారీ కావడంతో బడులు మూతపడ్డాయి, జనం ఇళ్లలోనే ఉండిపోయారు. ఇటువంటి హెచ్చరిక సకాలంలో రావాలంటే తుఫాను ఇంకా సముద్రం మీద ఉండగానే దాని స్వభావం తెలియాలి. చిక్కు అక్కడే ఉంది.

ఐర్లండ్ తుఫానులు ఎక్కువగా అట్లాంటిక్ మీదుగా పడమటి నుంచి వస్తాయి. నైరుతి కొసన ఉన్న వలెన్షియా అబ్జర్వేటరీ బెలూన్లతో రేడియోసోండ్లను పైకి పంపుతుంది. అవి తమ మార్గంలోని గాలిని మాత్రమే కొలవగలవు. ఉపగ్రహాలు సముద్రమంతటినీ చూస్తాయి గాని, దట్టమైన మేఘాల లోపల ఏ ఎత్తున గాలి ఎంత వేగంతో వీస్తోందో వాటికి స్పష్టంగా అందదు.

ఈ లోటును కొంతవరకు పూడ్చే సాధనం డ్రాప్‌సోండ్. విమానం నుంచి జారవిడిచే ఈ సన్నని గొట్టం చిన్న పారాచూట్ సాయంతో దిగుతూ పీడనాన్నీ, ఉష్ణోగ్రతనూ, తేమనూ కొలిచి రేడియో ద్వారా విమానానికి పంపుతుంది. గాలి ఎటు వీస్తే అటు కొట్టుకుపోతుంది గనుక, జీపీఎస్ ద్వారా తెలిసే దాని గమనం నుంచి గాలి వేగాన్నీ, దిశనూ రాబడతారు. నీటిని తాకడంతో దాని పని ముగుస్తుంది.

విమానాలు కొన్నే, సముద్రం అపారం. మరి సోండ్లను ఎక్కడ వదలాలి? 1997 జనవరి, ఫిబ్రవరి నెలల్లో షానన్ విమానాశ్రయం ముఖ్యకేంద్రంగా జరిగిన ఫాస్టెక్స్ అనే అంతర్జాతీయ ప్రయోగం ఈ ప్రశ్నను పరీక్షించింది. కంప్యూటర్ నమూనాకు ఇచ్చే ప్రారంభస్థితిలోని పొరపాట్లన్నీ ఒకే తీరున పెరగవు. కొన్నిచోట్లవి అణగిపోతాయి; మరికొన్నిచోట్ల రెండు రోజుల్లో సూచన మొత్తాన్నీ తారుమారు చేస్తాయి. అటువంటి సున్నిత ప్రాంతాలను ముందుగా లెక్కగట్టి, న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్ నుంచి బయలుదేరిన విమానాలు అక్కడ సోండ్లను వదిలాయి. ఆ తుఫాను ఎదిగి ఐర్లండ్ వైపు వచ్చాక షానన్ విమానాలు దాని నిర్మాణాన్ని పరిశీలించాయి.

ఫలితాలు మిశ్రమంగా వచ్చాయి. కొన్ని సూచనలు మెరుగుపడ్డాయి, కొన్ని మారలేదు, కొన్ని చెడిపోయాయి కూడా. సున్నిత ప్రాంతంలో ఒక మూలను మాత్రమే కొలిస్తే చాలదనీ, కొత్త కొలతను నమూనాలోని పాత అంచనాతో కలిపే గణితం కూడా అంతే ముఖ్యమనీ తేలింది.

నేటి హెచ్చరికలకు ప్రధానమైన ఆధారం ఉపగ్రహాలు, ప్రయాణికుల విమానాలు అందించే సమాచారం, మెరుగుపడిన నమూనాలు. అయినా మేఘాల మాటున గాలి పొరపొరనూ నేరుగా తాకి చూసే అవకాశం ఇచ్చేది ఇప్పటికీ డ్రాప్‌సోండే. ఉపగ్రహపు లెక్క సరైనదో కాదో సరిచూసుకోవడానికీ ఆ కొలతే కావాలి.