బ్యాటరీ నీరసించిందని చిప్‌కు ఎలా తెలుస్తుంది?

మేడ్చల్‌కు తూర్పున శామీర్‌పేట చెరువు ఉంది. దాని నీటిమట్టం కొలిచే చిన్న పరికరాన్ని మీరే తయారుచేసి గట్టున పెట్టారనుకోండి. లోపల ఆర్డుయినో ఊనో బోర్డులో వాడే ఏటీమెగా328పీ చిప్, మూడు పెన్సిల్ సెల్స్ ఉన్నాయి.

ఎందుకు కనిపెట్టాలి?

వోల్టేజి తగ్గగానే చిప్ ఆగిపోదు, తడబడుతుంది. ఆదేశాలు తప్పుగా అమలవుతాయి. దాచిన లెక్కలూ చెడిపోవచ్చు.

ఎలా కనిపెడుతుంది?

చిప్‌లో దాదాపు 1.1 వోల్టుల దగ్గర నిలకడగా ఉండే ఒక ఆధారం ఉంది. సెల్స్ ఇచ్చే వోల్టేజిని 1024 భాగాలు చేస్తే, ఆ 1.1 వోల్టులు ఎన్ని భాగాలో చిప్ లెక్కిస్తుంది. 4.5 వోల్టులప్పుడు జవాబు 250. 3.3కు పడితే 341. అంకె పెరిగిందంటే బ్యాటరీ తగ్గినట్టే!

ప్రోగ్రాంలో ఇలా రాయాలి: అంకె 341 దాటితే లెక్కలు భద్రపరచు, ఎర్రదీపం ఒకసారి వెలిగించు, నిద్రపో.

ఆఖరి కాపలా బ్రౌన్-అవుట్ డిటెక్టర్. దాన్ని 2.7 వోల్టులకు అమరిస్తే, అంతకన్నా తగ్గగానే చిప్‌ను రీసెట్‌లో ఆపేస్తుంది.

ఒక్కో చిప్‌లో ఆ 1.1 కాస్త అటూ ఇటూ ఉంటుంది. అందుకే ముందుగా మల్టీమీటర్‌తో సరిచూసుకోండి.