నానో మందులు – మన జాగ్రత్త
మలేసియా తోటలలో మన తల్లులు వీపున డబ్బా మోసి కలుపుమందు చల్లిన సంగతి మనమెరిగినదే. ఆ మందులలో ఒకటైన పారాక్వాట్‌ను 2020 జనవరి 1 నుండి ఈ దేశమున నిషేధించారు.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు నానో మందులు తయారు చేస్తున్నారు. మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన తలవెంట్రుక మందమే సుమారు 80,000 నానోమీటర్లు! కొన్ని వందల నానోమీటర్ల గుళికలలో మందును పొదిగితే, అది ఆకును అంటిపెట్టుకొని మెల్లమెల్లగా విడుదలవుతుంది. వానకు కొట్టుకుపోవడం తగ్గి, తక్కువ మందుతోనే పని జరుగుతుంది.

అయితే అంత సన్నని రేణువు చల్లేవారి ఊపిరితిత్తుల లోతులకూ చేరగలదు. కనుక మందు తగ్గిందని సంతోషించి ఊరుకొనక, చల్లేవారికి క్షేమమేనా, పరీక్షించారా అని మనం అడగాలి. నాడు మన తల్లులకు అడిగే వీలు లేకపోయింది, నేడు మనకున్నది.