కీమోథెరపీ సమయంలో ఉసిరి పొడి, పసుపు మాత్రలు వాడవచ్చా?



మార్కాపురం, గిద్దలూరు వైపు నుండి గుంటూరుకో, ఒంగోలుకో వెళ్లి కీమోథెరపీ చేయించుకుని వచ్చేవారి ఇంట్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది: "సిస్టర్, ఈ మందులకు గుండె, కిడ్నీలు పాడవకుండా ఉసిరి పొడి, పసుపు మాత్రలు, తిప్పతీగ కషాయం ఇవ్వవచ్చా?"

ఈ భయంలో నిజం ఉంది. డాక్సోరూబిసిన్ గుండెను, సిస్‌ప్లాటిన్ కిడ్నీలను, చెవులను దెబ్బతీయవచ్చు. ఇవి శరీరంలో 'ఫ్రీ రాడికల్స్' అనే పదార్థాలను పుట్టించి కణాలను గాయపరుస్తాయి. వాటిని అణచేవే యాంటీఆక్సిడెంట్లు. ఉసిరి, జామ, మునగాకు, పసుపులో ఇవి ఉన్నాయి. ఎలుకలపై చేసిన పరీక్షల్లో కొంత మేలు కనిపించింది. మనుషుల్లో ఆ మేలు గట్టిగా రుజువు కాలేదు. పైగా మాత్రగా, పొడిగా ఎక్కువ మోతాదు తీసుకుంటే క్యాన్సర్ కణానికి కూడా రక్షణ దొరకవచ్చు.

మంచిదైనా వేళ ఉంది

విటమిను ఏదైనా మంచిదే కదా అనుకుంటాం. భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940లలో అమెరికాలో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఇది ఆకుకూరల్లో ఉండే విటమిను. లుకేమియా పిల్లలకు ఆ రకం మందు ఇస్తే జబ్బు ఇంకా ముదిరినట్లు బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ గమనించారు. అప్పుడు ఆ విటమినుకు ఎదురుగా పనిచేసే మందును సుబ్బారావు గారి బృందం అందించింది. దానితో కొందరు పిల్లలకు కొంతకాలం జబ్బు తగ్గిందని 1948లో ఫార్బర్ ప్రకటించారు. నేటి మెథోట్రెక్సేట్ ఆ కోవలోదే. దానిని పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు శరీరాన్ని కాపాడటానికి ఫోలినిక్ యాసిడ్ ఇస్తారు. అయితే మందు తన పని చేసేందుకు సమయమిచ్చి, సాధారణంగా ఒక రోజు తర్వాతే మొదలుపెడతారు. ఇది యాంటీఆక్సిడెంట్ కాకపోయినా పాఠం ఒక్కటే: కాపాడే వస్తువుకు కూడా మోతాదు, వేళ ఉంటాయి.

తిప్పతీగ వాడినవారిలో లివర్ దెబ్బతిన్న 6 కేసులను ముంబయి డాక్టర్లు 2021లో ప్రచురించారు. "ఆకే కదా" అని తేలికగా తీసుకోవద్దు.

ఇంట్లో చేయవలసినవి

1. మునగాకు పప్పు, రాగి సంగటి, జొన్నరొట్టె, ఉడికిన గుడ్డు, బాగా కడిగిన పండ్లు పెట్టండి. కూరలో పసుపు మామూలుగా వేయండి. నోరు పుండయితే కారం, పులుపు తగ్గించండి.
2. డాక్టరు చెప్పినన్ని నీళ్లు తాగించండి. సిస్‌ప్లాటిన్ వాడేవారికి ఇది మరీ ముఖ్యం. మన ప్రాంతంలో చాలా ఊళ్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. కాచినా అది పోదు కనుక శుద్ధిచేసిన నీరు వాడండి.
3. గుండెకు ఎకో, కిడ్నీలకు, లివర్‌కు రక్త పరీక్షలు చెప్పిన రోజున తప్పక చేయించండి. అవయవాలను కాపాడేది ముఖ్యంగా ఇవే.
4. ఇంట్లో వాడుతున్న పొడులు, మాత్రలు, కషాయాలు అన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుకు చూపించండి. దాచవద్దు.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, కాళ్లు వాచినా, కళ్లు పచ్చబడినా తెల్లవారే వరకు ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.