కొవ్వు పంపే కబుర్లు, నడక తెచ్చే మార్పు



ఒళ్ళు కొవ్వెక్కిందని తెలుగులో అంటాం. మరాఠీవారూ చర్బీ పేరు చెప్పి ఆ మాటే అంటారు. అది మనిషి పొగరు గురించిన మాట. ఈనాటి ప్రసంగంలో నిజంగా ఒంట్లో చేరే కొవ్వు గురించి చెప్పుకుందాం. మధుమేహానికీ, గుండె జబ్బుకూ దానితో ఉన్న సంబంధమేమిటి? వ్యాయామం అందులో ఏం మార్పు తెస్తుంది?

కొవ్వంటే ధాన్యం పోసుకున్న గాదె వంటిదని చాలాకాలం అనుకునేవారు. తిన్నది మిగిలితే అక్కడ చేరుతుంది, అవసరమైతే ఖర్చవుతుంది, అంతే. 1994లో న్యూయార్కులోని రాకెఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌కు సంబంధించిన జన్యువును కనుగొన్నాక ఈ అభిప్రాయం మారింది. లెప్టిన్ అనేది కొవ్వు కణాలు తయారుచేసే హార్మోను. "నిల్వ చాలు, ఆకలి తగ్గించు" అని అది మెదడుకు కబురు చేరవేస్తుంది. మరి కొద్దికాలానికే ఎడిపోనెక్టిన్ అనే మరో హార్మోను బయటపడింది. ఇది ఇన్సులిన్ పనికి సాయపడుతుంది, రక్తనాళాలకు మేలు చేస్తుంది. అంటే కొవ్వు వట్టి గాదె కాదు, ఒక గ్రంథి కూడా.

పొట్ట లోపల, పేగుల చుట్టూ కొవ్వు మితిమీరి చేరితే ఈ కబుర్లు గాడి తప్పుతాయి. లెప్టిన్ ఎక్కువగా వస్తుంది కాని, మెదడు లక్ష్యపెట్టదు. బడిలో గంట రోజంతా మోగుతూనే ఉంటే పిల్లలు పట్టించుకుంటారా? ఇదీ అంతే. మేలుచేసే ఎడిపోనెక్టిన్ తగ్గిపోతుంది. లోలోపల వాపు కలిగించే పదార్థాలు రక్తంలో పెరుగుతాయి. ఇన్సులిన్ ఉన్నా కండరాలు చక్కెరను సరిగా తీసుకోవు. ఇది టైప్ 2 మధుమేహానికి దారి. ఆ వాపే గుండె రక్తనాళాలు పూడుకుపోవడానికీ తోడవుతుంది. అందుకే ఈ రెండు జబ్బులూ తరచు జంటగా వస్తాయి.

"నేను సన్నగానే ఉన్నాను, నాకేం భయం?" అనేవారు మన రాష్ట్రంలోనే జరిగిన ఒక సంగతి వినాలి. పుణెలోని కె.ఇ.ఎం. ఆసుపత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫోటో వేశారు. ఎత్తుకు తగిన బరువును తెలిపే బి.ఎం.ఐ. ఇద్దరికీ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! మన దేశంలో చాలామంది శరీర తత్వం ఇదే. కాబట్టి తూకంతో పాటు టేపు కూడా చూడాలి. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

ఇక వ్యాయామం. కండరం పనిచేసేటప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. ఆ తరువాత కూడా ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మాట బాగా వింటుంది. కొన్ని నెలలు మానకుండా చేస్తే పొట్టలోని కొవ్వు కరుగుతుంది, లెప్టిన్ తగ్గుతుంది, వాపు శాంతిస్తుంది. చాలామందిలో ఎడిపోనెక్టిన్ పెరుగుతుంది. ఈ పెరుగుదల అందరిలో ఒకేలా ఉండదు. "సార్, నెల రోజులు నడిచాను, కిలో కూడా తగ్గలేదు" అని మానేసేవారు ఎందరో. బరువు తగ్గకపోయినా లోపల మేలు జరుగుతూనే ఉంటుంది. మానేస్తే ఆ మేలు కొద్దిరోజుల్లోనే జారిపోవడం మొదలవుతుంది.

ఎంత నడవాలి? వారానికి 150 నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత వేగం ఉండాలి. వరుసగా రెండు రోజులకు మించి మానకూడదు. బొగ్గు గనుల్లో, బల్లార్‌పూర్ కాగితం మిల్లులో షిఫ్టు డ్యూటీ చేసే వారికి అరగంట ఒకేసారి కుదరకపోతే, భోజనం చేశాక పది పదిహేను నిమిషాల చొప్పున నడవవచ్చు. చంద్రపూర్ వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు తెల్లవారాకో, పొద్దు వాలాకో నడవండి. దుర్గాపూర్, ఊర్జానగర్ వంటి అడవికి దగ్గరి చోట్ల చీకట్లో ఒంటరిగా వెళ్ళకండి. పులులు, చిరుతలు తిరిగే ప్రాంతమది.

కొన్ని జాగ్రత్తలు. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించే మాత్రలు గాని వాడేవారు జేబులో కాస్త చక్కెరో గ్లూకోజో ఉంచుకోవాలి. వణుకు, చెమట వస్తే వెంటనే నోట్లో వేసుకోవాలి. చెప్పులు లేకుండా నడవకూడదు. గుండె జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. నడకలో ఛాతీ బరువెక్కినా, ఆయాసం ముంచుకొచ్చినా ఆగిపోయి ఆసుపత్రికి వెళ్ళాలి. నడుస్తున్నాం కదా అని మందులు సొంతంగా మానకూడదు.

తూకం ముల్లు కదలలేదని రేపటి నడక మాత్రం ఆపకండి.