ఏపీఐ నిర్వహణ సాఫ్ట్‌వేర్

ఒక కంప్యూటరు వ్యవస్థ మరొక వ్యవస్థను సమాచారం గాని సేవ గాని కోరే నిర్ణీత పద్ధతిని ఏపీఐ అంటారు. ఒక సంస్థ ఏపీఐలను ఎవరు, ఎంత మేరకు వాడుకోవచ్చునో నియంత్రించేది ఏపీఐ నిర్వహణ సాఫ్ట్‌వేర్. 2016లో గూగుల్ కొనుగోలు చేసిన ఎపిజీ ఇటువంటిదే.

పనితీరు

ఇందులో ముఖ్యభాగం గేట్‌వే. ఇది ప్రతి అభ్యర్థననూ ముందుగా అందుకొని, పంపినవారి గుర్తింపును సరిచూస్తుంది, పరిమితి మించినవాటిని తిరస్కరిస్తుంది, వాడకాన్ని లెక్కిస్తుంది. ఈ లెక్కల ఆధారంగా వ్యాపార సంస్థలు తమ ఏపీఐలను వాడుకొనే ఇతర సంస్థల నుండి రుసుము వసూలు చేయగలవు.

పరిమితుల ఆవశ్యకత

కరవు పీడిత అనంతపురం జిల్లాలోని చిన్న అంగడిలో వేరుశనగలు కొని యూపీఐ ద్వారా డబ్బు చెల్లించినా, ఆ చెల్లింపు యాప్, బ్యాంకులు, నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాల మధ్య ఏపీఐల ద్వారానే సాగుతుంది. 2025 ఏప్రిల్ 12న దేశవ్యాప్తంగా యూపీఐ సేవలకు అంతరాయం కలిగింది. లావాదేవీల స్థితిని తెలుసుకొనే అభ్యర్థనలను కొన్ని బ్యాంకులు పదేపదే పంపడమే ఇందుకు కారణమని కార్పొరేషన్ గుర్తించింది. 2025 ఆగష్టు నుండి ఒక్కొక్క యాప్‌లో ఖాతా నిల్వను రోజుకు 50 సార్లకు మించి చూడకుండా పరిమితి విధించింది. ఇటువంటి విచారణల రద్దీలో అసలు చెల్లింపులు నిలిచిపోకుండా చూడటమే ఈ పరిమితుల ఉద్దేశం.