ఎకరానికి నలభై చెట్లే ఎందుకు?

పాతకాలపు మామిడి తోట ఉన్న రైతును "తాతగారూ, ఎకరానికి ఎన్ని చెట్లండీ?" అని అడిగి చూడండి. "నలభై" అనే జవాబు తరచుగా వస్తుంది. మా నూజివీడు చుట్టుపక్కల చిన్నరసం, బంగినపల్లి తోటల్లో తిరిగే పిల్లలకు ఇది కొత్త మాట కాదు. (2022లో మా జిల్లా కృష్ణా నుంచి ఏలూరుకు మారింది గాని, తోటల లెక్క మారలేదు.) ముప్పై తొమ్మిది కాకుండా, నలభై ఒకటి కాకుండా సరిగ్గా నలభై ఎలా వచ్చింది?

పాత తోటల్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎడం 33 అడుగులు. అంటే ఒక్కో చెట్టుకు 33 అడుగుల భుజం గల చతురస్రం దక్కుతుంది. వైశాల్యం 33 × 33 = 1,089 చదరపు అడుగులు. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. భాగించండి. శేషం లేకుండా 40!

ఇంత చక్కగా తెగడానికి కారణం భూములు కొలిచే గొలుసు. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లండు గణితజ్ఞుడు 66 అడుగుల పొడవు, 100 లింకులు గల గొలుసు తయారుచేశాడు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. 33 అడుగులంటే అర గొలుసు. కనుక ఒక చదరపు గొలుసులో 4 చెట్లు, పదింటిలో 40. తెలంగాణలో వాడే 'గుంట' కూడా సరిగ్గా 1,089 చదరపు అడుగులే. అక్కడి లెక్కన చెట్టుకొక గుంట, మన లెక్కన చెట్టుకు రెండున్నర సెంట్లు.

ఎడం తగ్గించకుండా ఇంకొన్ని చెట్లు పెట్టగలమా? చతురస్రపు వరసల్లో మూలకు ఎదురుగా ఉన్న చెట్టు దాదాపు 47 అడుగుల దూరంలో ఉంటుంది. అంత అవసరం లేదు. రెండో వరసను పక్కకు 16.5 అడుగులు జరిపి, మొదటి వరసకు దగ్గరగా తీసుకువద్దాం. ఎంత దగ్గరగా? మొదటి వరసలోని రెండు చెట్లూ, వాటి నడుమకు ఎదురుగా ఉన్న రెండో వరస చెట్టూ కలిసి సమబాహు త్రిభుజం కావాలి. భుజం 33. శీర్షం నుంచి లంబం గీస్తే భూమి సగమవుతుంది. ఇక పైథాగరస్ సిద్ధాంతం:

33² − 16.5² = 1,089 − 272.25 = 816.75

దీని వర్గమూలం సుమారు 28.58. వరసల మధ్య దూరం అంతే. ఒక్కో చెట్టుకు 33 × 28.58, అంటే సుమారు 943 చదరపు అడుగులు చాలు. ఎకరానికి 46 చెట్లు! రైతుకు వర్గమూలంతో పని లేదు. రెండు పాదుల నుంచి 33 అడుగుల తాళ్ళు రెండు లాగి, కొసలు కలిసిన చోట పుల్ల గుచ్చితే సరి. మీరు వృత్తలేఖినితో చేసే పనే ఇది.

అయితే 46 అంట్లు కొనడానికి అప్పుడే పరుగెత్తకండి. మామిడి ఒకసారి నాటితే తరాల పాటు ఉండే చెట్టు, తర్వాత జరపడం కుదరదు. పొలానికి గట్లున్నాయి. గట్టు నుంచి 16.5 అడుగులు వదలకపోతే కొమ్మలు పక్కవాళ్ళ పొలంలోకి వెళ్తాయి. కాయలూ అటే రాలుతాయి, తర్వాత తగాదా!

66 అడుగుల వెడల్పు, 660 అడుగుల పొడవు గల ఎకరం తీసుకోండి. చతురస్రపు పద్ధతిలో రెండు వరసలు, వరసకు 20, మొత్తం 40. త్రికోణపు పద్ధతిలో రెండో వరస పక్కకు జరిగింది గనక అందులో 19 మాత్రమే. మొత్తం 39. లాభం లేకపోగా ఒకటి పోయింది!

పెద్ద తోటలో సంగతి వేరు. 660 అడుగుల భుజం గల చతురస్రం, అంటే 10 ఎకరాలు. చతురస్రపు పద్ధతిలో 400. త్రికోణపు పద్ధతిలో 20, 19 చొప్పున మార్చి మార్చి 22 వరసలు, మొత్తం 429. ఇరవై మూడో వరసకు రెండడుగుల లోపు చోటే తక్కువ. రెండు గట్ల దగ్గరా ఒక్కో అడుగు సర్దుకుంటే 449 పడతాయి. అయినా ఎకరానికి 46 చొప్పున రావలసిన 460 అందలేదు. గట్లు తినేసిన భాగం అది.

ఎకరం చతురస్రంగా ఉంటే భుజం సుమారు 208.7 అడుగులు. గట్ల నుంచి 16.5 అడుగులు వదిలి, గళ్ళ కాగితం మీద చింతగింజలు పేర్చి రెండు పద్ధతుల్లోనూ లెక్కించండి. నాకు 36, 39 వచ్చాయి.